అవ్వ చూపించిన ఖాళీ షీట్లు

పాలకుర్తి అవతల ఆ ఊళ్లో నన్ను షీట్ల మేడం అనేవాళ్లు. మొహం మీద అనేవాళ్లు కాదు. నా బండి చప్పుడు వినగానే "షీట్ల మేడం వస్తున్నది, తీయుండ్రి తీయుండ్రి" అని ఒక వాకిట్లోంచి ఇంకో వాకిట్లోకి కబురు పోయేది. అది నాకు వినబడేది. వినబడి సంతోషపడేదాన్ని కూడా. ఊరు ఊరంతా కలిసి నాకో పేరు పెట్టిందంటే నేనేదో గట్టి పనే చేస్తున్నానని మురిసిపోయేదాన్ని. ఇప్పుడు ఆ పేరు గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి. సిగ్గు. వేరే మాట వెతుక్కోవలసిన పని లేదు.

అప్పుడు నేను ప్రజారోగ్యంలో పీజీ చదువుతున్నాను. రెండో ఏడాదిలో ఒక ఫెలోషిప్ వచ్చింది. చదువుకునేవాళ్లు ఏడాదిపాటు ఒక పల్లెను పట్టుకుని, అక్కడి జనం ఆరోగ్యానికి ఏది అక్కర ఉందో చూసి, తమకు చేతనైన పని చేయాలి. అదీ దాని ఉద్దేశం. ఈ వైపు ముగ్గురం వచ్చాం. ఒకామె మహబూబాబాద్ తండాల్లో గర్భిణుల రక్తహీనత మీద, ఒకతను భూపాలపల్లి జిల్లాలో మహదేవపూర్ దాటి గోదావరి ఒడ్డు ఊళ్లలో షుగరు మీద, నేను జనగామ జిల్లాలో బీపీ మీద. జనగామను నేనే అడిగి తీసుకున్నాను. మాది దేవరుప్పుల దగ్గర భూములున్న కుటుంబం, కాపురం జనగామలో. మన మాట, మన మనుషులు, నాకు తెలియనిదేముంది అనుకున్నాను.

"ఏ పని చేసినా దానికో కొలత ఉండాలి" అని మా గైడ్ సార్ మొదటి రోజే చెప్పాడు. నేను కొలత కోసం పెద్దగా వెతకలేదు. ఊళ్లో బీపీ ఉన్నవాళ్లు తక్కువేం లేరు. గోలీలు సర్కారు ఊరికే ఇస్తుంది, ఆశా కార్యకర్త ఇంటికే తెచ్చి ఇస్తుంది. అయినా బీపీ దిగదు. మింగరు కాబట్టి దిగదు. ఇంతవరకు నేను కనిపెట్టింది నిజమే. ఎందుకు మింగరు అన్న దగ్గర ఒక్క పూట ఆగి అడిగి ఉంటే బాగుండేది. ఆగలేదు. నిర్లక్ష్యం అని నాకు నేనే జవాబు చెప్పుకుని ముందుకు పోయాను.

నా పద్ధతి ఇది. కూలికి పోయేవాళ్లను ఎక్కించుకునే ట్రాలీ ఆటో పొద్దున ఏడింటికే వస్తుంది కాబట్టి, ప్రతి మంగళవారం ఆరింటికల్లా అందరూ పల్లె దవాఖాన వరండాలో కూర్చోవాలి. ఆ వారం వాడిన గోలీల షీట్లు వెంట తేవాలి. నేను ఖాళీ గుంటలు లెక్కపెట్టి రాసుకుంటాను. ఖాళీ అయిన షీట్లు పారేయను, దారానికి గుచ్చి ఎవరి దండ వాళ్లకు గోడకు తగిలిస్తాను. ఎవరి దండ పొడుగైతే వాళ్లు బుద్ధిగా మింగుతున్నట్టు. గైడ్ సార్‌కు ఫొటో పంపితే, చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యే కొలత అని మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు నా తలకెక్కింది.

ఇక నా నోటి సంగతి. మా ఇంట్లో అందరికీ నోరు పెద్దది. మా బాపు గట్టు మీద నిలబడి కేకేస్తే నాలుగు చెలకల అవతల పత్తి ఏరేవాళ్లు తలలెత్తేవాళ్లు. ఆ నోరు నాకు వచ్చింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నాకు ఊరు మంచిదే దొరికింది. నోరే నా వెంట మంచిది తీసుకుపోలేదు.

రెండో మంగళవారమే ఆ అవ్వ మీద పడ్డాను. అరవై దాటిన మనిషి, సన్నగా, చువ్వలాగా ఉండేది. వానాకాలం నాట్లు జోరుగా నడుస్తున్నాయి. ఎంత కడిగినా కాలి గోళ్ల సందుల్లో బురద పోని రోజులు. ఆమెకు బీపీ నూట ఎనభై దగ్గర ఉండేది. పీహెచ్‌సీ డాక్టరు రెండు రకాల గోలీలు రాశాడు. వాటిల్లో ఒకటి ఒంట్లో నీరు లాగేది. అవ్వ నా ముందుకొచ్చి రెండు షీట్లూ చేతిలో పెట్టింది. రెండింటిలోనూ ఒక్కో గుంటే ఖాళీ. తక్కినవన్నీ గోలీలతో నిండుగా ఉన్నాయి.

ఆ షీట్లను నేను పైకెత్తి పట్టుకున్నాను. వరండాలో ఉన్న పాతికమందికీ కనబడేలా పట్టుకుని, మిగిలిన గోలీలను ఒకటి, రెండు, మూడు అని గట్టిగా లెక్కపెట్టాను.

"గివన్ని దాచిపెట్టి ఏం జేస్తవ్ అవ్వా? మనుమరాలి పెండ్లిల పంచుతవా?" అన్నాను.

అందరూ నవ్వారు. నవ్వు రాగానే నాకు ఇంకా ఊపొచ్చింది.

"ఊకెనే ఇస్తున్నరు గద అని మీకు ఇలువ లేదు. రేపు పచ్చవాతమొచ్చి మంచంల పడితె నీకు ఎవరు ఎత్తిపోస్తరు చెప్పు?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తప్పయింది బిడ్డా. ఇంకోసారి గిట్ల జెయ్య" అంది. ఆ మాట ఎంత చిన్నగా అందంటే, పక్కనున్నవాళ్లు వినాలని నేనే ఆమెతో మళ్లీ చెప్పించాను.

ఆ ఊరి ఆశా కార్యకర్త నాకంటే పదిహేనేళ్లు పెద్దది, ఆశక్క అనేదాన్ని. నా వెనకాల రిజిస్టర్లు మోసేది. తిరిగి వస్తుంటే దారిలో "జర మెల్లగ చెప్పుండ్రి మేడం. ఆ అవ్వ నోరిప్పది గని, మనసుల పెట్టుకుంటది" అంది.

"మెల్లగ చెప్తె వినేటోళ్లయితే ఇన్నేండ్ల సంది నువ్వు చెప్పకపోయినవా అక్కా?" అన్నాను. ఆమె రిజిస్టరు ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుని నడిచింది.

మరుసటి మంగళవారం అవ్వ షీట్లు రెండూ ఖాళీ. ఆ తరువాతి వారం ఖాళీ. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి, ఒక్క గోలీ మిగల్లేదు. గోడ మీద అందరికంటే పొడుగైన దండ అవ్వదే అయింది. పొద్దుటి ఎండ పడితే మెరిసేది. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ దండ చూపించి "గీ అవ్వను చూసి నేర్చుకోండ్రి" అనేదాన్ని. తిట్టిన నోటితోనే పొగిడాను కాబట్టి లెక్క సరిపోయిందనుకున్నాను. ఆమెకూ నా మీద కోపమేమీ లేదు. నేను పోయినప్పుడల్లా కొంగులో కట్టుకొచ్చిన పచ్చి పల్లికాయలో, రెండు మక్క కంకులో చేతిలో పెట్టేది. "తిను బిడ్డా, ఎముకల గూడు లెక్కున్నవ్" అనేది. నాకూ ఆమె అంటే ఇష్టం కలిగింది. ఉత్త మాటకు చెప్పడం లేదు, నిజంగానే ఇష్టం.

ఒక్కటే చిక్కు. బీపీ దిగలేదు. నూట డెబ్బై, నూట ఎనభై, అక్కడే కూర్చుంది.

ఇక్కడ బుర్ర ఉన్నవాళ్లెవరికైనా అనుమానం రావాలి. నాకు రాలేదు. వస్తే నా కొలత మీదే రావాలి కదా. దసరా దాటాక అవ్వను వెంటబెట్టుకుని పీహెచ్‌సీకి పోయాను. డాక్టరు పేషెంట్ల మధ్యలో తలెత్తి, "రోజూ వేసుకుంటోందా? సగం మంది వేసుకోరు" అన్నాడు. ఆయన ఆమెనే అడిగాడు. జవాబు నేను చెప్పాను. "ఒక్క పూట కూడా మానదు సార్. ఖాళీ షీట్లన్నీ నా దగ్గరే ఉన్నాయి. నాదీ గ్యారంటీ" అన్నాను. అవ్వ నా వైపు చూసింది. ఏదో చెప్పబోయినట్టు పెదవులు కదిలాయి. నేను ఆమె భుజం మీద చెయ్యేసి చిన్నగా నవ్వాను. నీ మంచితనానికి సాక్ష్యం చెబుతున్నాను చూడు అన్నట్టు. ఆ చెయ్యి ఆమె నోరు మూసిందని నాకు అప్పుడు తెలియదు.

డాక్టరు నా మాట నమ్మాడు. ఉన్నవాటిల్లో ఒకదాని మోతాదు పెంచి, ఇంకో గోలీ కలిపాడు. గోడ మీద అవ్వ దండకు మూడో షీటు చేరింది. అదీ ప్రతి వారం ఖాళీయే.

యాసంగి నాట్లు మొదలైన రోజుల్లో గైడ్ సార్ ఫోను చేశాడు. గురువారం విశ్వవిద్యాలయం నుంచి పెద్దవాళ్లు నా పని చూడటానికి వస్తున్నారని, ఇద్దరు ముగ్గురు పేషెంట్లకు వాళ్ల ముందే బీపీ చూడమని చెప్పాడు. పొడుగైన దండ ఉన్నామెనే చూపించాలి కదా మరి. ఆదివారం పొద్దున అవ్వ ఇంటికి పోయాను. వాకిట్లో నులక మంచం మీద కూర్చుని, ఆమె రెండు చేతులూ పట్టుకుని చెప్పాను.

"గురువారం నాడు పెద్ద పెద్ద సార్లొస్తున్నరు అవ్వా. అందరి ముందర నీకే బీపీ చూస్తరు. గా రోజన్న మంచిగ రావాలె. నా ఇజ్జత్ నీ చేతులనే ఉంది."

"గట్లనా?" అంది. తరువాత నా చెంప నిమిరి, "నీ ఇజ్జత్ పోనిస్తనా బిడ్డా? మంచిగనే వస్తది పో" అంది.

గురువారం పదింటికి కార్లొచ్చాయి. వరండా కడిగించాను, దండల మీది దుమ్ము దులిపించాను. అవ్వ రాలేదు. పిలుచుకురమ్మని ఆశక్కను పంపాను. పావుగంటకు ఆమె దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

"మేడం, అవ్వ పొద్దుగాల మంచం మీదికెల్లి లేవంగనే కండ్లు తిరిగి పడ్డదట. తుంటి బొక్క ఇరిగినట్టుంది. జనగామ దవాఖానకు తోలుకపోయిన్రు. నేను గూడ పోతున్న. మీరు వస్తరా?"

వస్తాను అనాలి. ఏ మనిషైనా అంటాడు. నేను ఫోను చేత్తో మూసి గోడ వైపు తిరిగి, "ఇక్కడ సార్లున్నరు అక్కా, నువ్వు చూసుకో, సాయంత్రం వస్త" అన్నాను. వచ్చినవాళ్లు దండ చూపించి ఈమె ఎక్కడ అని అడిగితే, "చుట్టాల ఊరికి పోయింది సార్" అన్నాను. తడుముకోకుండా అన్నాను. బీపీ మంచిగా ఉండే ఇంకో ఇద్దరిని కూర్చోబెట్టి చూపించాను. అంకెలు బాగా వచ్చాయి. అందరూ మెచ్చుకున్నారు. తరువాత పాలకుర్తిలో భోజనం ఏర్పాటు చేశాం. నేనూ వాళ్లతో కూర్చుని తిన్నాను. పెరుగన్నం దాకా తిన్నాను. ఆ అన్నం ఎలా దిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

దవాఖానకు పోయేసరికి సాయంత్రం అయింది. వార్డు చివర మంచం మీద అవ్వ వెల్లకిలా పడుకుని ఉంది. కాలు కదలకుండా బరువు కట్టారు. నన్ను చూసి లేవబోయి, నొప్పికి పళ్లు బిగబట్టింది. ఆమె అడిగిన మొదటి మాట ఇది.

"సార్లు వచ్చిన్రా బిడ్డా? నీ ఇజ్జత్ పోలేదు గద?"

నేను తల ఊపాను.

అంతలో కోడలు వచ్చింది. వాడుతున్న గోలీలేవో తెమ్మని డాక్టర్లు చెబితే ఇంటికి పోయి వెతికిందట. చేతిలో పాత టీపొడి డబ్బా. మూత తీసి నా ముందు పట్టుకుంది. "గివేంది మేడం? బియ్యం డ్రమ్ముల అడుగున ఉన్నది" అంది.

డబ్బాలో సగానికి పైగా గోలీలు. విడి గోలీలు. తెల్లవి, లేత పసుపువి, గులాబీవి. నా గోడ మీది షీట్లలో ఉండాల్సినవన్నీ అక్కడున్నాయి.

కోడలు నీళ్లకని బయటికి పోయాక అవ్వ నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. పక్క మంచాలవాళ్లకు వినబడకుండా చెప్పింది.

"తప్పయింది బిడ్డా. నీకు అబద్ధం జెప్పిన. సోమవారం నాడు కూసొని అన్ని ఒలిచి డబ్బల ఏసేదాన్ని. పారేద్దామంటే మనసొప్పలె. మందు గూడ అన్నమసొంటిదే గద, పారేస్తె పాపం."

"ఎందుకు అవ్వా? ఎందుకు మింగలే?"

అవ్వ తల అటు తిప్పుకుంది. అరవై దాటిన మనిషి నాకు ఆ సంగతి చెప్పడానికి సిగ్గుపడింది.

"అవి మింగితె గంటగంటకు ఒంటికొస్తది బిడ్డా. మాది గుత్త నాటు. పదిమందిమి కలిసి మడి పట్టుకుంటం. అందరు వంగినంక ఒక్కదాన్ని మాటిమాటికి ఒడ్డెక్కితె నా సాలు ఎవలు ఎయ్యాలె? ముందు ఊకున్నరు, తర్వాత మొఖం మాడ్సుకున్నరు. ఒడ్డెక్కినా ఏడికి పోను? కనుచూపు మేర మళ్లే. చెట్టు లేదు, చాటు లేదు. అటు మొగోళ్లు నారు మోస్తుంటరు."

"ఒక్కటే గోలీకి గట్ల అయితది అవ్వా. చెప్తె డాక్టరు అది మారుస్తుండె గద."

"ఏ గోలీకి అయితదో నాకేం తెలుసు? అన్ని బంద్ జేసిన."

గురువారం సంగతి కూడా ఆమే చెప్పింది. నా ఇజ్జత్ కోసం ఆదివారం నుంచే నాటుకు పోవడం మానేసింది. ఆ నాలుగు రోజులూ మూడు రకాల గోలీలూ మింగింది. ఇన్నాళ్లూ మింగలేదు కదా, ఒక్కటొక్కటి మింగితే సార్లు వచ్చేలోగా దిగుతుందో లేదోనని, డబ్బాలోంచి తీసి ఒక్కోటి రెండేసి మింగింది. అన్నాళ్లూ గోలీ ఎరుగని ఒంటి మీద, నేను గ్యారంటీ ఇచ్చి పెంచిన మోతాదు రెండింతలై పడింది. గురువారం పొద్దున లేచి నిలబడేసరికి కాళ్ల కింద భూమి లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెతను చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను, నవ్వుతూనే ఉన్నాను. ఆ రోజు నవ్వు రాలేదు.

"డాక్టర్లకు ఏం జెప్పినవ్?" అని అడిగాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ప్రశ్న ఆమె కోసం అడిగింది కాదు. నా కోసం అడిగాను.

"నీళ్లల్ల జారి పడ్డ అన్న" అంది అవ్వ. "నీ పేరు నేనెందుకు ఎత్తుత?"

అక్కడినుంచి బయటికి వచ్చి దవాఖాన మెట్ల మీద కూర్చున్నాను. మా అమ్మకూ బీపీ ఉంది. అదే నీరు లాగే గోలీ ఏళ్లుగా వాడుతోంది. పెళ్లికో పేరంటానికో బస్సెక్కే రోజు ఆ గోలీ వేసుకోదు. "దారిల పరేషాన్ అయితది" అంటుంది. అది నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. పుస్తకాల్లో చదవక్కర్లేకుండా తెలుసు. అమ్మ ఒక్క బస్సు ప్రయాణానికి మానేసే గోలీని, రోజంతా మడిలో వంగి ఉండే మనిషి ఎలా మింగుతుందని నాకెప్పుడూ తోచలేదు. మా పొలాల్లోనూ గుత్త నాట్లే వేయిస్తారు. సెలవుల్లో వాళ్లకు టీ క్యాను నేనే మోసుకుపోయేదాన్ని. ఒడ్డు మీద నిలబడి వరసగా వంగిన వీపులు చూసేదాన్ని. వీళ్లు ఒంటికి ఎక్కడికి పోతారని ఒక్కసారైనా అనుకోలేదు. మన మాట, మన మనుషులు అనుకుంటూ వచ్చినదాన్ని. నాకు తెలిసిన మనుషులు ఒడ్డు మీదివాళ్లే.

ఇంత జరిగాకైనా నిజం చెప్పి ఉంటే ఈ కథ ఇంత సిగ్గుగా ఉండేది కాదు.

మార్చిలో మహబూబాబాద్‌లో మా ముగ్గురి పనుల మీద ఆఖరి సమీక్ష జరిగింది. నా రిపోర్టులో అవ్వ పేరు ఎదురుగా "అందుబాటులో లేరు" అని రాశాను. మా భాషలో దానికి అర్థం, మనిషి వలసపోయిందో, ఇల్లు మారిందో, ఇక లెక్కలోకి రాదని. ఆమె ఇల్లు మారలేదు. ఆ ఇంట్లోనే, ఆ మంచం మీదే ఉంది. నేనే పోలేదు. ఆపరేషన్ చేసి రాడ్డు వేశాక ఒక్కసారి పళ్లు తీసుకుని పోయి, పది నిమిషాలు కూర్చుని వచ్చేశాను. అంతే.

మహదేవపూర్ అతను నాకంటే ముందు మాట్లాడాడు. తన పని సాగలేదని, జనం రాలేదని, ఎందుకు రాలేదో తెలుసుకోవడానికే ఏడాది పట్టిందని, తెలిసేసరికి ఫెలోషిప్ అయిపోయిందని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఒకాయన గడియారం చూసుకున్నాడు. తరువాత నేను లేచి దండల ఫొటో తెర మీద వేశాను. అన్నిటికంటే పొడుగ్గా మెరుస్తున్న దండ అవ్వదే. చప్పట్లు కొట్టారు. ఆశక్కను కూడా ఆ రోజు పిలిచారు. వెనక వరసలో కూర్చుంది. ఆమె చప్పట్లు కొట్టలేదు, లేచి ఏమీ చెప్పనూ లేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని నన్నే చూస్తూ కూర్చుంది. నేను తేలు కుట్టిన దొంగలాగా నిలబడి నవ్వుతూ సర్టిఫికెట్ అందుకున్నాను. అది ఇప్పుడు జనగామలో మా ఇంటి ముందు గదిలో ఉంది. మా బాపు ఫ్రేమ్ కట్టించాడు. చుట్టాలొస్తే చూపిస్తాడు. అప్పుడు నేను వంటింట్లోకి పోతాను.

ఆ సర్టిఫికెట్ మీదే నాకు ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు మహదేవపూర్ వైపే, బీపీ షుగర్ల కార్యక్రమంలో పని. ఈ ఉద్యోగంలో ఎవరినీ షీట్లు తెమ్మని అడగలేదు. పని ఎక్కడ, ఎన్ని గంటలు, ఒంటికి పోవడానికి చాటు ఉంటుందా అని అడుగుతున్నాను. పొలానికి పోయే ఆడవాళ్లకు నీరు లాగే గోలీకి బదులు వేరేది రాయమని డాక్టర్లను బతిమాలుతున్నాను. ఇవన్నీ చేస్తే పాపం కడుక్కున్నట్టేనని ఒక్కోరోజు అనుకుంటాను. ఒక్కోరోజు అనుకోలేను.

పోయిన నెల గోదావరి ఒడ్డున ఒక ఊళ్లో పల్లె దవాఖానకు పోయాను. నేను అంతకుముందు చూడని ఊరు. లోపల అడుగు పెట్టగానే గోడ మీద దండలు. ఖాళీ షీట్ల దండలు, వరసగా, ఒక్కోదాని కింద ఒక్కో పేరు. అక్కడి నర్సు సంబరంగా ఎదురొచ్చింది. "మీ పద్ధతే మేడం. ట్రైనింగుల చెప్పిన్రు. మా ఊళ్లె ఒక్కరు గూడ గోలీ తప్పరు" అంది. వరండాలో ఆడవాళ్లు వంగి కూర్చుని ఉన్నారు, చేతుల్లో షీట్లు పట్టుకుని. అన్నీ ఖాళీ. వాళ్ల ఇళ్లలో బియ్యం డ్రమ్ముల అడుగున ఏముందో వాళ్లకు తెలుసు, నాకు తెలుసు. ఆ నర్సుకు తెలియదు.

ఆ రాత్రి గైడ్ సార్‌కు నిజమంతా రాయడం మొదలుపెట్టి, మూడుసార్లు రాసి మూడుసార్లు చెరిపేశాను. ముందు అవ్వకు చెప్పాలనిపించింది. ఆదివారం భూపాలపల్లి వచ్చి, రెండు బస్సులు మారి, పాలకుర్తిలో ఆటో ఎక్కి పోయాను.

అవ్వ వాకిట్లో అదే నులక మంచం మీద కూర్చుని ఉంది. పక్కన నాలుగు కాళ్ల స్టాండు. ఇంటి నుంచి వాకిలికి, వాకిలి నుంచి ఇంట్లోకి, అంతే ఆమె నడక. ఆ ఊళ్లో ఎవరి మడిలోనూ ఆమె ఇక దిగదు. నన్ను గుర్తుపట్టి "వచ్చినవా బిడ్డా" అంది, నిన్ననే చూసినట్టు. నేను కింద కూర్చున్నాను. "నా తప్పే అవ్వా. అంత నా తప్పే. నేను నిన్ను అడగలే, తిట్టిన. ఇదంత ఇప్పుడు అందరికి చెప్త" అన్నాను. ఏడుపొచ్చింది.

"ఊకో" అంది అవ్వ. "ఎవలకు జెప్పుకుంటవో జెప్పుకో గని, ఏడ్వకు. బీపీ మిషన్ తెచ్చినవా?"

సంచీలో ఎప్పుడూ ఉంటుంది. తీశాను. అవ్వ చెయ్యి తనే చాపింది, రవిక చెయ్యి పైకి మడుచుకుంది. పట్టీ కట్టి గాలి కొట్టాను. నూట ఇరవై ఆరు, డెబ్బై ఎనిమిది. నమ్మలేక రెండోసారి చూశాను. అంతే.

"ఎంతొచ్చింది?"

"మంచిగొచ్చింది అవ్వా."

"వస్తది మల్ల. ఇప్పుడు మంచిగనే మింగుతున్న. కూలికి పోయేదుందా, నాటేసేదుందా? ఒంటికి ఎన్నిసార్లొస్తె ఏంది, ఒంటికి పోను మంచం కాడనే డబ్బ పెట్టింది కోడలు."

ఏడాదంతా నేను కోరుకున్న అంకె అదే. గోడకు దండలు కట్టి, వరండాలో నోరు చేసుకుని, ఇజ్జత్ అడుక్కుని, ఏ అంకె కోసం తిరిగానో అది నా చేతిలో ఉంది. నేను మిషన్ వైపు చూస్తూ కూర్చున్నాను. అవ్వ నా మోచేతిని తట్టింది.

"రాసుకో బిడ్డా. గీసారి అబద్ధం కాదు."